విశ్వవిద్యాలయోద్యోగి: మేధాస్వేచ్ఛ - బాధ్యత

లింగంపల్లిలో ఎక్కి తాండూరులో దిగే అధ్యాపకుల గుంపు ఒకటి చాలా ఏళ్ళపాటు ఒకే రైలు పెట్టెలో ప్రయాణం చేసింది. అందులో నేనూ ఒకణ్ణి. శంకరపల్లి వచ్చేసరికి మా చర్చ మంచి వేడి మీద ఉండేది. ప్రభుత్వ విద్యా విధానం, పరీక్షల తీరు, సిలబసు కమిటీలు, ఒకటేమిటి, అన్నీ మా ముందు దోషులుగా నిలబడేవి. వికారాబాదు జంక్షనులో చాయ తాగి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ధారూరు దాటాక గొంతులు కాస్త తగ్గేవి. తాండూరు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే అందరం మౌనమునులం అయిపోయేవాళ్ళం.

ఒకనాడు మా పక్కనే కూర్చుని అంతా విన్న ఒక పెద్ద రైతు, దిగేముందు నెత్తిన రుమాలు సర్దుకుంటూ, "సార్లూ, గీ ముచ్చట్లన్నీ రైల్లనే చెప్తరు. చెప్పాల్సిన కాడ చెప్పరేంది?" అని అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాం. ఆయన వెళ్ళిపోయాడు. ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. విశ్వవిద్యాలయంలోనో, దాని అనుబంధ కళాశాలలోనో, పరిశోధనా కేంద్రంలోనో పనిచేసేవాడు ఏ మేరకు స్వేచ్ఛగా మాట్లాడవచ్చు? ఎందుకు మాట్లాడాలి? మాట్లాడేటప్పుడు ఏ భారం మోయాలి? విద్యార్థి మిత్రులకు, సహోద్యోగులకు ఈ మూడు ప్రశ్నలను గూర్చి నాకు తోచింది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటకు అర్థం

మేధాస్వేచ్ఛ అనగా ఒక విషయాన్ని ప్రశ్నించే హక్కు, దానికి జవాబు వెతికే హక్కు, దొరికిన జవాబు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా దాన్ని బోధించే, ప్రకటించే హక్కు. ఈ మూడూ కలిసే ఉండాలి. మొదటి రెండూ ఇచ్చి మూడవదాన్ని ఆపితే, బావి తవ్వించి చేద దాచిపెట్టినట్టే.

ఇది మామూలు వాక్ స్వాతంత్ర్యం కంటే కొంచెం భిన్నమైనది. రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం వంటి కారణాలపై సహేతుకమైన హద్దులు కూడా అదే అధికరణం పెట్టింది. ఆ హక్కు తాండూరు గనుల్లో నాపరాయి తీసే కూలీకి ఎంత ఉందో హైదరాబాదులోని ప్రొఫెసరుకూ అంతే ఉంది. అందులో పెద్దా చిన్నా లేదు. మరి విశ్వవిద్యాలయోద్యోగికి ప్రత్యేకంగా ఇంకో స్వేచ్ఛ ఎందుకు?

న్యాయమూర్తిని చూడండి. ఆయనకు ఎవరూ ఆజ్ఞలు జారీ చేయకూడదని అంటాం. ఆయన సుఖం కోసం కాదు ఆ మాట అనేది, కోర్టు మెట్లెక్కిన కక్షిదారుకు న్యాయం దొరకాలని. అట్లాగే అధ్యాపకుడి స్వేచ్ఛ అధ్యాపకుడి కోసం కాదు. నిజమైన చదువు కావలసిన విద్యార్థి కోసం, నిజమైన సలహా కావలసిన రైతు కోసం, నిజమైన లెక్క కావలసిన ఊరి కోసం. సమాజం తనకు అవసరమైన నిజాన్ని వెతికి పెట్టమని కొందరికి జీతమిచ్చి పెట్టుకున్నది. జీతం ఇచ్చేవాడికి నచ్చిందే చెప్పాలన్న షరతు పెడితే ఆ జీతం దండగ. నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది: మేధాస్వేచ్ఛ మనకు దఖలైన ఆస్తి కాదు, మన దగ్గర దాచిన ఇతరుల సొమ్ము. సొమ్ము దాచుకున్నవాడికి దాన్ని కాపాడే హక్కూ ఉంది, లెక్క చెప్పే బాధ్యతా ఉంది.

ఈ భావన చాలా దేశాల్లో నలిగి రూపు దిద్దుకున్నది. 1810లో బెర్లిను విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి జర్మనులు బోధించే స్వేచ్ఛ, నేర్చుకునే స్వేచ్ఛ అని రెండింటినీ జంటగా చెప్పుకున్నారు. అమెరికా విశ్వవిద్యాలయాచార్యుల సంఘం 1915లో ఒక ప్రకటన, 1940లో మరింత క్లుప్తంగా ఇంకో ప్రకటన చేసింది. పౌరుడిగా మాట్లాడే అధ్యాపకుణ్ణి సంస్థ శిక్షించకూడదనీ, అయితే అతడు ఖచ్చితంగా, నిగ్రహంతో మాట్లాడాలనీ, తాను సంస్థ తరఫున మాట్లాడటం లేదని స్పష్టం చేయాలనీ 1940 నాటి ప్రకటన సారాంశం. 1997లో యునెస్కో ఉన్నత విద్యా బోధకుల స్థాయిని గూర్చి చేసిన సిఫారసు కూడా హక్కులను, బాధ్యతలను పక్కపక్కనే పెట్టింది. ఎక్కడ చూసినా ఈ రెండూ జోడెద్దులే.

ఇంకో మాట. విశ్వవిద్యాలయోద్యోగి అంటే ప్రొఫెసరు ఒక్కడే కాదు. ఏ పుస్తకం కొనాలో, దేన్ని బీరువాలో దాచకుండా బల్ల మీద పెట్టాలో నిర్ణయించే గ్రంథపాలకుడు, ప్రయోగశాలలో అంకెను ఉన్నదున్నట్టు రాసే సహాయకుడు, ఒత్తిడి వచ్చినా మార్కుల జాబితాలో ఒక్క అంకె మార్చని పరీక్షల విభాగం గుమాస్తా, వీళ్ళందరూ ఆ సొమ్ముకు కాపలాదారులే.

మన చరిత్రలోంచి నాలుగు ఘట్టాలు

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. తెలుగు నేల మీదనే దీనికి రకరకాల జవాబులు చెప్పినవాళ్ళున్నారు.

మొదటిది 1930. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి దాని తొలి ఉపాధ్యక్షుడు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిషు ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన ఆ పదవికి రాజీనామా చేశారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవిలోకి వచ్చారు. 1936లో రామలింగారెడ్డి తిరిగి ఉపాధ్యక్షులై 1949 దాకా కొనసాగారు. పదవిలో ఉండి చెప్పలేని మాటను పదవి విడిచి చెప్పడం ఒక పద్ధతి. దానికి మూల్యం చెల్లించాలి, ఆయన చెల్లించారు. కాని నెల జీతం మీద సంసారం ఈదే లెక్చరర్లందరికీ ఈ దారి చూపించి ఊరుకోవడం న్యాయం కాదు.

రెండవది 1938. నైజాం ఏలుబడిలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వసతిగృహం విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడవద్దన్నారు, వాళ్ళు మానలేదు. వందలాది మంది బహిష్కృతులయ్యారు. వాళ్ళలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. అప్పటి అక్కడి ఉపాధ్యక్షుడు టి.జె. కేదార్ వాళ్ళను చేర్చుకున్నారు. ఈ కథ చెప్పేటప్పుడు మనం విద్యార్థుల త్యాగాన్నే చెప్పుకుంటాం. అది సబబే. కాని నా దృష్టి కేదార్ మీద నిలుస్తుంది. తన చేతిలోని అధికారాన్ని ఆయన ఇతరుల చదువు నిలబెట్టడానికి వాడారు. ప్రవేశపత్రం మీద ఒక సంతకం ఎన్ని ఉపన్యాసాల పెట్టు!

మూడవది 1966-67. మన జిల్లా కళాశాలలకు నేరుగా సంబంధించినది ఇదే. ఉస్మానియా ఉపాధ్యక్షుడు డాక్టర్ డి.ఎస్. రెడ్డిని 1964లో మరో అయిదేళ్ళకు నియమించారు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, ఉపాధ్యక్షుడి పదవీకాలాన్ని మూడేళ్ళకు తగ్గించడం, విశ్వవిద్యాలయానికి ఆదేశాలిచ్చే అధికారం తనకు దఖలు పరచుకోవడం వంటి ప్రతిపాదనలు తెచ్చింది. డాక్టర్ రెడ్డి ఆ సవరణలను వ్యతిరేకించారు. 1966లో రెండవసారి చట్టాన్ని సవరించి 13-ఎ అనే సెక్షను చేర్చారు. అప్పటికి పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడు కొత్తవారి నియామకం దాకానే ఉంటారు, ఆ నియామకం తొంభై రోజుల్లో జరగాలి, ఇదీ దాని సారం. రాబోయే ఉపాధ్యక్షులను తొలగించాలంటే విచారణ జరపాలని చట్టమే చెబుతుండగా, ఉన్న ఒక్క మనిషికి మాత్రం విచారణ లేదు, వివరణ లేదు. హైకోర్టులో ఆయనకు ఊరట దొరకలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఒక్క వ్యక్తిని వేరు చేసి పెట్టిన ఆ సెక్షను సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికి విరుద్ధమని 1967లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. రామలింగారెడ్డి పదవి వదిలి మాట నిలుపుకున్నారు. డి.ఎస్. రెడ్డి పదవిలో నిలబడి చట్టంతో పోరాడారు. ఈ కేసును మళ్ళీ ప్రస్తావిస్తాను.

నాలుగవది 2000. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించే కంచ ఐలయ్య ఒక ఇంగ్లీషు దినపత్రికలో రాస్తున్న వ్యాసాల విషయమై విశ్వవిద్యాలయ అధికారుల నుంచి ఆయనకు ఒక లేఖ వెళ్ళింది. విద్వేషాలు పెరిగే విధంగా రాయవద్దన్నది దాని తాత్పర్యం. దేశంలో పలుచోట్ల అధ్యాపకులు, రచయితలు ఆ లేఖను తప్పుపట్టారు. ఆ వ్యాసాలతో ఏకీభవించినవాళ్ళూ ఉన్నారు, తీవ్రంగా విభేదించినవాళ్ళూ ఉన్నారు. అయినా వ్యాసానికి జవాబు ఇంకో వ్యాసం కావాలి గాని, రిజిస్ట్రారు కార్యాలయం కాగితం కారాదు. వ్యాసంలో అంకె తప్పయితే తప్పని రుజువు చేయవచ్చు, తర్కం కుంటిదైతే ఎత్తిచూపవచ్చు. కాగితం పంపిస్తే మాత్రం, "జవాబు మా దగ్గర లేదు" అని ఒప్పుకున్నట్టే అవుతుంది.

తాండూరు కంది చెప్పే పాఠం

ఉపాధ్యక్షుల సంగతి సరే, మన ఊళ్ళోకి వద్దాం. తాండూరులో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. పూర్వం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద, 2014 నుంచి ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. అనగా అక్కడి శాస్త్రవేత్త కూడా మనలాగే విశ్వవిద్యాలయోద్యోగి. సున్నపురాతి పొరల మీద పరుచుకున్న నల్లరేగడిలో పండే తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ప్రయత్నానికి విశ్వవిద్యాలయం తోడు నిలిచింది. సంతోషించవలసిన విషయం.

ఇప్పుడొక సందర్భం ఊహించుకుందాం. కందికి ఎండు తెగులు పెద్ద శత్రువు. దీన్ని కలిగించే శిలీంధ్రం నేలలోనూ, పాత మోళ్ళలోనూ ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. చేను పూత మీద ఉండగా మొక్కలు ఒక్కొక్కటే వాడి ఎండిపోతాయి. ఆకులు ముడుచుకుని పూత రాని వెర్రి తెగులు ఇంకొకటి. అది నల్లి ద్వారా వ్యాపిస్తుంది. ఈ రెండింటినీ తట్టుకునే రకంగా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కృషితో వచ్చిన ఆశ కంది 1993లో విడుదలైంది. ఒక రకానికి ఆ మాట అనడానికి ముందు దాన్ని తెగులు సోకిన మళ్ళలో, వేర్వేరు చోట్ల, వేర్వేరు సంవత్సరాల్లో వేసి చూస్తారు.

రేపు మరొక కొత్త రకం వచ్చిందనుకోండి. పైనుంచి "దీన్ని బాగా ప్రచారం చేయండి" అన్న మాట వచ్చింది. మొదటి ఏడాది ప్రయోగంలో పంట బాగుంది, రెండవ ఏడాది తెగులు తగిలింది. బషీరాబాదు వైపు నుంచి ఒక రైతు వచ్చి, "సారూ, గీ ఇత్తనం ఏస్తే పండుతదా, పండదా? ఒక్క ముక్కల చెప్పు" అన్నాడు. శాస్త్రవేత్త ఏం చెప్పాలి?

పైవాళ్ళ మాట విని "పండుతది" అంటే స్వేచ్ఛను అమ్ముకున్నాడు. ఒక్క ఏడాది తెగులు చూసి పత్రికల వారిని పిలిచి "ఇది పనికిమాలిన విత్తనం" అంటే బాధ్యతను వదిలేశాడు. "రెండేళ్ళు చూసినం. ఒక ఏడాది మంచిగ పండింది, ఒక ఏడాది ఎండు తెగులొచ్చింది. ఇంకా రెండేళ్ళు చూడాలె. అందాక ఎకరం మీద ఏసి చూడు, ఉన్నదంతా పెట్టకు. జొన్న అంతరపంటగ ఏస్తే తెగులు తగ్గుతది" అంటే, అదే ఉద్యోగ ధర్మం. ఆ జవాబులో స్వేచ్ఛ ఎక్కడ ముగిసిందో, బాధ్యత ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించగలరా? చూపించలేరు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

ఆ వాక్యం చెప్పనివ్వని చోట ఏం జరుగుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. సోవియట్ యూనియన్‌లో నికొలాయ్ వావిలోవ్ అనే శాస్త్రవేత్త భూమండలమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించాడు. ఆయనకు ఎదురు నిలిచిన లైసెంకో జన్యుశాస్త్రాన్నే కాదన్నాడు, పాలకులకు ఇష్టమైన మాటలు చెప్పాడు. వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. 1943లో ఆయన సరతోవ్ జైలులో మరణించాడు. 1948లో వ్యవసాయ అకాడమీ సమావేశం లైసెంకో సిద్ధాంతానికే పట్టం కట్టింది. జన్యుశాస్త్రం బోధించేవాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ దేశపు జీవశాస్త్రం చాలా ఏళ్ళు వెనుకబడిపోయింది. ప్రభుత్వం ప్రొఫెసరును నోరు మూయించగలదు గాని, చేనును ఒప్పించలేదు.

దామగుండం: మూడు రకాల మాటలు

తాండూరు నుంచి వికారాబాదు వైపు వద్దాం. వికారాబాదు జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్ర గర్భంలోని జలాంతర్గాములతో అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాల ద్వారా సంభాషించడానికి ఉద్దేశించిన కేంద్రమిది. తమిళనాడు తిరునల్వేలి వద్ద ఉన్న ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ తర్వాత దేశంలో రెండవది. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి దీనికి కేటాయించారు. దేశ రక్షణకు అవసరమని కొందరు, అడవికి, మూసీ పుట్టిన ప్రాంతానికి నష్టమని కొందరు గట్టిగా వాదించారు.

మన వికారాబాదులో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకరు ఈ విషయంపై మాట్లాడదలచారనుకుందాం. ఆయన నోటి నుంచి మూడు రకాల మాటలు రావచ్చు.

"నేను, నా విద్యార్థులు ఆ అడవిలో తిరిగి ఇన్ని జాతుల చెట్లు లెక్కపెట్టాం, ఇవి ఔషధ మొక్కలు" అనేది తెలిసిన మాట. ఇది చెప్పడానికి ఆయనకు సంపూర్ణమైన మేధాస్వేచ్ఛ ఉండాలి. ఎవరూ అడ్డు రాకూడదు. ఆయన కూడా లెక్క ఎట్లా తీశారో, ఎన్ని రోజులు తిరిగారో చూపించాలి.

"ఈ కేంద్రం ఇక్కడ వద్దు", లేదా "ఇక్కడే కావాలి" అనేది అనుకున్న మాట. చెట్ల లెక్క నుంచి ఈ నిర్ణయం దానంతట అది పుట్టదు. దేశ రక్షణకు ఎంత విలువ, అడవికి ఎంత విలువ అన్నది పౌరులందరూ తేల్చుకోవలసింది. ఇది ఆయన పౌరుడిగా చెప్పవచ్చు. కాని తన డిగ్రీని, కళాశాల పేరును దానికి ముద్రగా వేయకూడదు.

"ఆ తరంగాల వల్ల ఫలానా జబ్బు వస్తుంది", లేదా "ఏమీ రాదు" అనేది ఆయనకు తెలియని మాట. వృక్షశాస్త్రజ్ఞుడికి రేడియో తరంగాల శాస్త్రం రాదు. అక్కడ ఆయన చేయవలసింది తెలిసినవారిని అడగడం, "ఇది నా విషయం కాదు" అనడం. ఇంత చిన్న మాట అనడానికి మన పెద్దలకు ఎంత కష్టమో!

ఈ మూడింటినీ వేరు చేసి చెప్పినవాడిని నోరు మూయించడం ఎవరికైనా కష్టం. కలగలిపి చెప్పినవాడి తప్పు మాటను చూపించి, నిజమైన మాటను కూడా కొట్టిపారేస్తారు. కాబట్టి బాధ్యత స్వేచ్ఛకు సంకెల కాదు, కవచం.

తరగతి గది

తరగతిలో సంగతి ఇంకాస్త సున్నితం. రైల్లో నా మాట నచ్చకపోతే పక్కవాడు లేచి ఇంకో పెట్టెలోకి పోవచ్చు. తరగతిలో విద్యార్థి పోలేడు. హాజరు నా చేతిలో, మార్కులు నా చేతిలో. అందుచేత తరగతి గదిలో అధ్యాపకుడి స్వేచ్ఛకు మొదటి పరీక్ష విద్యార్థి స్వేచ్ఛ. వివాదాస్పదమైన విషయం పాఠంలో వస్తే దాటవేయకూడదు, రెండు పక్షాల వాదనలూ వాటి బలంతోనే చెప్పాలి. తన అభిప్రాయం అడిగితే చెప్పవచ్చు, అది తన అభిప్రాయమని చెప్పి మరీ చెప్పాలి. నా వాదాన్ని ఖండిస్తూ చక్కగా రాసిన పిల్లవాడి జవాబు పత్రం మీద నా ఎర్ర సిరా కలం ఎట్లా కదులుతుందో, అక్కడ తెలుస్తుంది నాకు స్వేచ్ఛ అంటే గౌరవమో కాదో.

ఇంకోటి. పాఠం చెప్పకపోవడం మేధాస్వేచ్ఛ కాదు. పాత నోట్సును ఇరవై ఏళ్ళు చదివి వినిపించడం మేధాస్వేచ్ఛ కాదు. ఇతరుల పరిశోధన వ్యాసాన్ని పేరు మార్చి అచ్చు వేయించుకోవడం స్వేచ్ఛ కాదు, దొంగతనం. పదోన్నతి కోసం అంకెలు సృష్టించడం కూడా అంతే. కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు?

నియమాలు, భద్రత, భయం

ఇంతవరకూ ధర్మం చెప్పాను. ఇక వాస్తవం చెప్పాలి.

మనలో అందరికీ ఒకే నియమం లేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాల లెక్చరరుకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడాన్ని అది అనుమతించదు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడు తన విశ్వవిద్యాలయ చట్టానికి, నిబంధనలకు లోబడి ఉంటాడు. ప్రైవేటు కళాశాల లెక్చరరు యాజమాన్యం దయ మీద ఉంటాడు. ప్రభుత్వోద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు కోల్పోడని బీహారు ఉద్యోగుల కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఒకే ఊళ్ళో, ఒకే సిలబసు చెప్పే ముగ్గురికి మూడు రకాల స్వేచ్ఛ!

వీళ్ళందరి కంటే అడుగున ఉన్నవాడు గెస్టు లెక్చరరు, ఒప్పంద అధ్యాపకుడు. ఏటేటా కొత్తగా తీసుకుంటారు, తీసుకోకపోతే కారణం చెప్పనక్కరలేదు. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెబుతాను. నేను పనిచేసిన ఒక కళాశాలలో స్టాఫు సమావేశం జరిగింది. పేపర్లు దిద్దకుండానే ఇంటర్నల్ మార్కులు వేసి పంపించేద్దామన్న ప్రస్తావన వచ్చింది. ఒక గెస్టు లెక్చరరు, వయసులో మాకందరికీ చిన్నవాడు, లేచి నిలబడి, "సార్, రాసిన పిల్లలకు, రాయని పిల్లలకు ఒకే మార్కులు వేస్తే రాసినోళ్ళకు అన్యాయం కదా" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. మార్కులు పోయాయి. మరుసటి ఏడాది అతనికి పిలుపు రాలేదు. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. నాది పర్మనెంటు ఉద్యోగం. నేను ఒక్క మాట అన్నా నా జీతంలో రూపాయి తగ్గేది కాదు. అయినా కుర్చీలో నుంచి లేవలేదు. తిరుగు ప్రయాణంలో వికారాబాదు దాటేదాకా ఆ అన్యాయాన్ని గూర్చి అనర్గళంగా మాట్లాడాను!

ఇప్పుడు డి.ఎస్. రెడ్డి కేసు గుర్తు చేసుకోండి. విచారణ లేకుండా, కారణం చెప్పకుండా తొంభై రోజుల్లో దింపివేయగల మనిషి స్వతంత్రంగా పని చేయలేడు, ఆ కేసు మనకు నేర్పేది ఇదే. ఉపాధ్యక్షుడికి అవసరమైన భద్రత గెస్టు లెక్చరరుకు అక్కరలేదా? ఉద్యోగ భద్రత మేధాస్వేచ్ఛకు ముఖ్యమైన రక్షణ అని యునెస్కో సిఫారసు కూడా చెబుతున్నది. భద్రత ఉన్నవాడు మాట్లాడడు, మాట్లాడినవాడికి భద్రత ఉండదు. మన వ్యవస్థకు పట్టిన ఎండు తెగులు ఇదే. నేలలో ఉండిపోతుంది, పూత సమయానికి బయటపడుతుంది.

చేయవలసిన పనులు

పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు. మనం ఆచరించగలిగినవి అయిదు చెబుతాను.

1. తెలిసిన మాట, అనుకున్న మాట, తెలియని మాట, ఈ మూడింటినీ వేరు చేసి మాట్లాడడం. తప్పు తెలిస్తే తప్పని ఒప్పుకోవడం.

2. పౌరుడిగా మాట్లాడినప్పుడు, "ఇది నా సొంత అభిప్రాయం" అని చెప్పడం. సంస్థ పేరును వేదిక మీదికి ఈడ్చకపోవడం.

3. మనతో విభేదించే సహోద్యోగి మీదికి అధికారం వచ్చినప్పుడు ముందుగా అతని పక్షాన నిలబడడం. అతని మాటకు జవాబు ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

4. పర్మనెంటు ఉద్యోగి తన భద్రతను అప్పుగా భావించడం. ఆ అప్పు తీర్చే చోటు స్టాఫు సమావేశం. గెస్టు లెక్చరరు చెప్పిన న్యాయమైన మాటను బలపరచి, దాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించడం.

5. పరిశోధన ఫలితాన్ని ఊరి భాషలో ఊరికి చెప్పడం. తాండూరు రైతుకు అర్థం కాని తాండూరు కంది పరిశోధన సగమే పూర్తయినట్టు.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు ఈ ఉద్యోగాల్లోకే వస్తారు. మరి కొందరు ఈ ఉద్యోగులకు జీతమిచ్చే పన్నుదారులవుతారు. మీరు కూడా మమ్మల్ని నిలదీయవచ్చు. "ఈ మాట మీకు ఎట్లా తెలుసు సార్?" అని తరగతిలో అడగండి. నొచ్చుకోకుండా జవాబు చెప్పే గురువు దొరికితే అతన్ని గౌరవించండి. నొచ్చుకుంటే, ఇంకోసారి మర్యాదగా అడగండి.

ఆ పెద్ద రైతు మళ్ళీ మా పెట్టెలో కనిపించలేదు. ఆయన అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇంతే: చెప్పవలసిన చోట చెప్పకపోవడానికి మాకు కారణాలు ఉన్నాయి, కొన్ని నిజమైనవే. కాని ఆ స్టాఫు సమావేశం నాటి నా మౌనానికి మాత్రం ఏ కారణమూ లేదు. ఆ తర్వాతి సమావేశాల్లో నేను లేచి మాట్లాడడం నేర్చుకున్నాను. మొదటిసారి గొంతు వణికింది. రెండవసారి అంత వణకలేదు.